రెండు నిద్రలు ఆగిన పగ

ఇప్పుడు నా నోట్లో ఉన్నవి నాలుగో విడత కట్టుడు పళ్లు. మొదటి సెట్టు, రైలు కిటికీలోంచి తుమ్మినప్పుడు పోయింది. రెండోదాన్ని ఒక లాడ్జిలో ఎలుక ఎత్తుకుపోయింది. ఎలుకకి పళ్లెందుకని నన్నడగొద్దు. లాడ్జి మేనేజరూ అదే అడిగాడు. మూడోది సరిగ్గా మధ్యకి విరిగింది. ఆ రెండు ముక్కలూ రుమాల్లో మూటగట్టుకుని, బుగ్గలు లోపలికి పోయిన మొహంతో తిరుగుతున్న రోజుల్లో పళ్లక్క దగ్గరికి వెళ్లాను.

ఇది ఆమె కథ. ఒక పగ కథ అన్నా తప్పులేదు. పగల గురించి నేను బోలెడు చదివాను. పుస్తకాల్లో పగబట్టినవాళ్లు నిద్రపోరు, తిండి తినరు, కళ్లెర్రజేసుకుని గోడలకేసి చూస్తుంటారు. పళ్లక్క మాత్రం రోజూ పదింటికల్లా పడుకుని, ఏడు గంటలు నిద్రపోయి, రక్తపరీక్ష చేయించుకుని, తన బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు చేత అనిపించుకుని మరీ పగ తీర్చుకుంది. అలాంటిది ఏ పుస్తకంలోనూ నాకు తగల్లేదు.

ఆస్పత్రి వీధిలో జిరాక్సు షాపు పక్క సందులోంచి వెళితే, మెట్ల కింద ఆమె గది. తలుపు తియ్యగానే ప్లాస్టర్ పొడి వాసన, దాని వెనకాల కాగిన మైనం వాసన. గోడ అలమరలో వరసగా తెల్లటి ప్లాస్టర్ దవడలు, ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ. బల్ల మీద రెండు లీటర్ల నీళ్ల సీసా, దాని మీద పెన్నుతో గీసిన గీతలు: పదింటికి ఇంతవరకు, పన్నెండింటికి ఇంతవరకు. ఆమె చేతులు సన్నగా వణుకుతాయి. అందుకని పనిచేసేటప్పుడు మణికట్ల కింద చిన్న ఇసుక సంచీ పెట్టుకుంటుంది. వయసు నలభై దాటి ఉంటుంది.

"ఎలా విరిగింది బాబాయ్?" అంది ముక్కలు చూసి.

చెప్పబోయాను. పళ్లు లేని నోరు కదా, మాటకి బదులు గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ గాలే. సిగ్గేసి నవ్వాను. ఆమె నవ్వలేదు.

"తొందరేం లేదు. మాట రాకపోతే బుర్ర పోయినట్టు కాదుగా. నెమ్మదిగా చెప్పండి."

ఆ మాట ఎందుకన్నదో నాకప్పుడు తెలీదు.

అతికించడానికి గంట చాలు, కానీ ఎల్లుండి రమ్మంది. పళ్ల సెట్టు ఏదైనా సరే తయారయ్యాక రెండు నిద్రలు నీళ్లలో ఉండాలట. అందులో మిగిలిన మందు ఘాటు దిగిపోయి, ఆకారం కుదురుకుంటుంది. ఆ తర్వాత, చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు దాని బైటు చూడాలి. పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరుని వాళ్ల పనిలో బైటంటారు. చేసిన మనిషి కంటికి తన తప్పు కనపడదు కాబట్టి ఈ రెండో కన్ను. ఇది వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి.

ఆయన పెద్ద పనివాడు. డెంటిస్టులు నోటి అచ్చు తీసి పంపితే దాన్నిబట్టి పళ్లు తయారుచేసే వర్క్‌షాపు నడిపాడు. పిల్లలిద్దరు. కొడుక్కి నోరిచ్చాను, కూతురికి చేతులిచ్చాను అనేవాడట. కొడుకు డెంటిస్టుల చుట్టూ తిరిగి పని తెచ్చేవాడు. ఆగకుండా మాట్లాడతాడని అతన్నందరూ మైకన్న అనేవాళ్లు. ఆ పేరుకి అతను మురిసిపోయేవాడు కూడా. కూతురు పదహారేళ్లకే మైనంలో పళ్లు పేర్చడం నేర్చింది. నాన్న పోయాక లోపలి బల్ల ఆమెది, వీధి గుమ్మం మైకన్నది. ఎవరి రాజ్యం వాళ్లది.

ఇరవయ్యారో ఏట ఆమెకి జబ్బు చేసింది. మొదట అది జబ్బని ఎవరికీ తెలీలేదు, మహా ఉత్సాహం అనుకున్నారు. తొమ్మిది రోజులు దాదాపు నిద్రలేకుండా ముప్ఫై ఒక్క సెట్లు చేసింది. అందులో ఇరవై ఎవరూ అడగనివి. ముసలి గుర్రాలకి కట్టుడు పళ్లెందుకు ఉండకూడదని పశువుల డాక్టరుకి పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది. పద్నాలుగోసారి ఆయన కూడా, నిజమే ఎందుకుండకూడదు అన్నాడట. అంత గట్టిగా మాట్లాడింది. ఆ తర్వాత ఎత్తునుంచి పడ్డట్టు పడింది. నాలుగు నెలలు గోడవైపు తిరిగి పడుకుంది. పళ్లు చేసే మనిషికి పళ్లు తోముకోవడం కొండెత్తినంత పనైంది.

అప్పుడు వెళ్లిన చోటు డాక్టరమ్మ క్లినిక్కు. బైపోలార్ అని చెప్పింది ఆవిడే. మనసు కొన్నాళ్లు పైకెగిరి, కొన్నాళ్లు పాతాళానికి దిగే జబ్బు. తీసి పారెయ్యలేం, కానీ పగ్గం వెయ్యొచ్చు అంది. లిథియం మాత్రలు మొదలుపెట్టింది. ఆ మందుతో ఒక పేచీ ఉంది. మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య సందు చాలా తక్కువ. అందుకని మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం తీసి, ఎంత ఉందో కొలుస్తుండాలి. నీళ్లు బాగా తాగాలి. అడక్కుండా నొప్పి మాత్రలు మింగకూడదు. కొన్ని రకాలు లిథియాన్ని బయటికి పోనివ్వక ఒంట్లోనే పోగేస్తాయి. నిద్రవేళ మారకూడదు. రోజూ చార్టులో ఒక అంకె వెయ్యాలి: కుంగితే సున్నాకి కింద, ఎగిరితే సున్నాకి పైన.

ఇంకో నియమం కూడా పెట్టింది. పెద్ద నిర్ణయం ఏదైనా సరే, రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోయాక, నమ్మకమైన ఇద్దరికి చెప్పాక మాత్రమే చెయ్యాలి.

"మా నాన్న పళ్లకి పెట్టిన రూలు మీరు నాకు పెడుతున్నారే!" అని పళ్లక్క నవ్విందట.

బాగున్న రోజుల్లోనే ఒక కాగితం రాయించింది డాక్టరమ్మ. మళ్లీ జబ్బు మొదలైతే తొలి గుర్తులేంటి, అవి వచ్చాయని తేల్చేదెవరు, అప్పుడు ఏం చెయ్యాలి, వర్క్‌షాపు ఎవరు చూడాలి. తేల్చేవాళ్లు అన్నచోట రెండు గీతలున్నాయి. పళ్లక్క ఒకదాని మీదే పేరు రాసింది.

"రెండో పేరు?" అంది డాక్టరమ్మ.

"అన్నయ్యొక్కడు చాలండీ. వాడు ఇద్దరి పెట్టు మాట్లాడతాడు."

ఆ జోకుకి ఇద్దరూ నవ్వుకున్నారు. రెండో కన్ను పడకుండా ఒక్క పళ్ల సెట్టుని కూడా గుమ్మం దాటించని మనిషి, తన బుర్రని మాత్రం ఒక్క కంటికి అప్పగించింది. "నేనూ ఒప్పుకోకుండా ఉండాల్సింది. తప్పు నాది కూడా," అని డాక్టరమ్మ తర్వాత నాతో అంది.

పదకొండేళ్లు బాగానే ఉంది. బాగానే అంటే, మైకన్నతో ఏ విషయంలో తేడా వచ్చినా ఒకటే ప్రశ్న వినపడేది. నాసిరకం ప్లాస్టర్ ఎందుకు తెచ్చావంటే, "మాత్ర వేసుకున్నావా చిన్నీ?" తడి ఆరని సెట్టు ఎందుకు పంపావంటే, "మాత్ర వేసుకున్నావా చిన్నీ?" ఆ ప్రశ్నకి జవాబుండదు. వేసుకున్నానంటే మరి ఈ కోపమేంటంటారు, లేదంటే అదిగో చూశారా అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కోపమొస్తే కోపం. ఈ జబ్బున్నవాళ్లకి కోపమొస్తే లక్షణం. ఈ ఒక్క అన్యాయానికే ఎవడో ఒకడి పళ్లు రాలగొట్టాలని నాకు అనిపిస్తుంది.

అసలు దారుణం ఒక ఎండాకాలం జరిగింది. పళ్లక్కకి జ్ఞానదంతం పోటు పెట్టింది. మైకన్న ఒక డెంటిస్టు దగ్గర్నుంచి నొప్పి మాత్రల అట్ట తెచ్చి, రోజుకి మూడు వేసుకోమన్నాడు. అడక్కుండా నొప్పి మాత్రలు వద్దన్న కార్డు ఆమె బల్ల ముందు గోడకే ఉంది. అన్నయ్య అడిగే తెచ్చి ఉంటాడనుకుంది ఆమె. అతను ఎవర్నీ అడగలేదు. ఇక్కడివరకూ అతని తప్పు అజ్ఞానం, నేను కాదనను. ఆరో రోజుకి ఆమె చేతులు దడదడ కొట్టుకున్నాయి, నడక తూలింది, నాలుక మందమైపోయింది. అదే పూట ముగ్గురు డెంటిస్టులు వర్క్‌షాపుకి వచ్చి ఉన్నారు. పాలిష్ పట్టే తాత, మైనం పనిచేసే పిన్ని, మైకన్న భార్య, అందరూ ఉన్నారు. ఆమె లేచి నిలబడి ఏదో చెప్పబోయి బల్ల మీద పడింది. ముద్ద ముద్దగా ఒక వాక్యం అంది. ఎవరికీ అర్థం కాలేదు.

"మా చెల్లికి మళ్లీ తిరగబెట్టింది," అన్నాడు మైకన్న, అందరికీ వినపడేలా. "బుర్ర పోయింది, ఆ మాట చూడండి."

పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. ఆరు రోజులు ఆమెకి ఏమీ గుర్తులేదు. కోలుకుని వర్క్‌షాపుకి వచ్చేసరికి, ఎప్పుడూ కిటికీ దగ్గరుండే ఆమె బల్ల అక్కడ లేదు. కాగితం ప్రకారం అధికారం తనదేనని మైకన్న అంతా చేతిలోకి తీసుకున్నాడు. ఆమెని తన ఇంటి దగ్గరి వేరే క్లినిక్కుకి మార్పించాడు. అక్కడి డాక్టరు ఆమెతో మాట్లాడేవాడు కాదు, అన్నతోనే మాట్లాడేవాడు. కొత్త మందులు మింగి రోజుకి పద్నాలుగు గంటలు పడుకునేది. అన్నిటికన్నా ఘోరం, మళ్లీ పిచ్చెక్కిందన్న మాట ఆమే నమ్మింది. రెండేళ్లు తన మనసుని తానే నమ్మకుండా బతికింది. కాలో చెయ్యో తీసేస్తే మనిషి దాన్ని వెతుక్కోడు. నమ్మకం తీసేస్తే రోజూ వెతుక్కుంటూనే ఉంటాడు.

ఒకరోజు మైనం పిన్ని చూడ్డానికొచ్చింది. ఈ పిన్నికి ఒక చెవి వినపడదు, అందుకని మనుషుల పెదాలు చూసి మాటలు పోల్చుకుంటుంది.

"ఆ రోజు నువ్వన్నది నాకు తెలిసిందే పిల్లా," అంది. "నా మాట సరిగా రావట్లేదు గాని నా బుర్ర బాగానే ఉంది అన్నావు. బుర్ర పోయినవాళ్లు అట్లా అంటారా?"

ఆ ఒక్క మాట పట్టుకుని పళ్లక్క ఒంటరిగా బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ పెద్దాస్పత్రికి రాసి పాత ఫైలు తెప్పించింది. రక్తంలో లిథియం రెండు దాటింది. ఉండాల్సిందానికి రెండింతలపైన. అది పిచ్చి కాదు, మందు విషమవడం. ఫైలు చివర ఒక వాక్యం ఉంది: ఇది మానసిక వ్యాధి తిరగబెట్టడం కాదని, నొప్పి మాత్రల వల్ల లిథియం పెరిగిందని రోగి అన్నకు వివరించాం. దాని కింద మైకన్న సంతకం. పొడుగ్గా, వంకర్లు తిప్పుతూ, మైకులాంటి సంతకం.

తెలిసే దాచాడు. రెండేళ్లు.

డాక్టరమ్మ ఆ నిద్రమందులు కొంచెం కొంచెంగా తగ్గించింది. కిడ్నీలు దెబ్బతినలేదని చూసుకుని లిథియం మళ్లీ తక్కువ మోతాదులో మొదలెట్టింది. పళ్లక్క మెట్ల కింద గది తీసుకుని, విరిగిన పళ్లు అతికించే పని పెట్టుకుంది. పాత కాగితం రద్దు చేసి కొత్తది రాసింది. ఈసారి రెండు పేర్లు. ఒకటి మైనం పిన్నిది. రెండోది, పళ్లు అతికించుకున్నాక కూడా రోజూ వచ్చి కబుర్లాడే నాది.

"నేనెందుకమ్మా? ఏ ఊళ్లోనూ కుదురుగా ఉండనివాణ్ని," అన్నాను.

"నాకు బంధువు కానివాళ్లు కావాలి బాబాయ్. ఏ ఊళ్లో ఉన్నా ఫోనెత్తితే చాలు."

ఆ పూట నుంచి ఆ ఊరు వదిలి వెళ్లాలనిపించలేదు. ఎందుకో తర్వాత ఆలోచిస్తే, ఆ పగ ఎలా తీరుతుందో చూడాలని. నేనేం పెద్ద మంచివాణ్ని కాను.

ఇంతలో మైకన్న పళ్లు పోయాయి. దీంట్లో ఎవరి శాపమూ లేదు, చిగుళ్ల జబ్బు. ఊరందరి నోళ్లూ బాగుచేయించే మనిషి తన నోరు చూపించుకోలేదు. అన్నీ పీకేశారు. సొంత వర్క్‌షాపులో రెండు సెట్లు చేయించుకున్నాడు. దవడ ఎముక అరిగి చదునైపోయిన నోరది. మొదటి సెట్టు మాట్లాడితే ఊడింది. రెండోది ఊడలేదు గానీ, ప్రతి మాటకీ కుక్కర్‌లా ఈల వేసింది. పైగా నెలన్నరలో వర్క్‌షాపు కొత్త హాలు తెరుస్తున్నారు. డెంటిస్టులందరి ముందూ మైకన్న మాట్లాడాలి.

అతని భార్య మెట్ల కింద గదికి వచ్చిన పూట నేను అక్కడే ఉన్నాను. నాలుగో సెట్టు అచ్చుకోసం నోరు తెరిచి, నోట్లో పళ్లక్క వేళ్లతో.

"వదినా, కూర్చోండి. నీళ్లు తాగుతారా?"

"నీళ్లు కాదు చిన్నీ. మీ అన్నయ్య నీ దగ్గరికి రాలేకపోతున్నారు."

"కాళ్లు బాగానే ఉన్నాయిగా?"

"ఎత్తిపొడవకు. ఆ ఈల నేను భరించలేకపోతున్నానే తల్లీ. పక్కింటివాళ్ల కుక్క వచ్చి గుమ్మంలో నిలబడుతోంది."

నాకు నవ్వొచ్చింది, నోట్లో వేళ్లున్నాయని ఆపుకున్నాను. పళ్లక్క మొహం కదల్లేదు.

"రెండేళ్లు దాటింది వదినా నన్ను మీ గుమ్మం తొక్కనిచ్చి."

"నీకు బాగాలేదని కదా..."

"వదినా, మాత్ర వేసుకున్నావా అని ఒక్కసారి అడగండి. ఒక్కసారి అడిగి చూడండి."

వదిన తల దించుకుంది. బాగాలేదన్న మాట ఆవిడ నిజంగానే నమ్ముతోందని, ఫైలు సంగతి తెలీదని నాకప్పుడే అర్థమైంది. పళ్లక్క చేస్తానంది. మర్నాటినుంచి మైకన్న వచ్చి నోరు తెరుచుకుని కూర్చునేవాడు. అన్నాచెల్లెళ్లు పనికి కావలసిన మాటలు తప్ప మాట్లాడుకోలేదు. కొరుకు. వదులు. ఇంకోసారి. అచ్చులు తీసింది, మైనంలో పళ్లు పేర్చింది. నాన్న నాటి ఇత్తడి చట్రం మైకన్న దగ్గరే ఉండిపోయింది కనక, అరువు తెచ్చుకున్న చట్రంలో పై దవడనీ కింది దవడనీ బిగించి చూసుకుంది.

మైనం పని పూర్తయిన సాయంత్రం పిన్నినీ నన్నూ పిలిచి, డాక్టరమ్మ క్లినిక్కుకి తీసుకెళ్లింది.

"ఒక నిర్ణయం చెప్పాలి. రూలు ప్రకారం," అంది. "ఎడమవైపు వెనక పన్ను వెంట్రుకవాసి ఎత్తు పెడతాను. పళ్లు తగిలినచోట మచ్చ పడే నీలం కాగితం కొరికించి చూసినా ఎవరికీ పట్టుబడనంత. ఆరు నెలల్లో కణతలు పోటు పెడతాయి. ఏడాదికి దవడ కీలు అరుగుతుంది. ఎందుకో ఎవరూ చెప్పలేరు. ఎవరికి చెప్పుకున్నా, అంతా మీ బుర్రలోనే ఉందంటారు. అదీ నాక్కావలసింది."

డాక్టరమ్మ తొలి గుర్తులు రాసుకున్న కాగితం ముందుకు లాక్కుంది. ఏ మాత్రం బెదరలేదు.

"నిద్ర?"

"ఏడు గంటలు. నెలంతా."

"ఆలోచనలు తోసుకొస్తున్నాయా? ఒకదాని మీద ఒకటి?"

"లేదు. ఒక్కటే ఉంది. కదలకుండా ఉంది."

"చార్టు?" చూసింది. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. రక్తపరీక్ష చూసింది. సున్నా పాయింట్ ఏడు, ఉండాల్సినంతే. కళ్లజోడు తీసింది.

"ఇది జబ్బు కాదు. ఇది కోపం. దానికి నా దగ్గర మందు లేదు."

"అంటే చెయ్యొచ్చా?"

"జబ్బు కాదన్నానమ్మా. తప్పు కాదనలేదు. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు, వాళ్లు."

నిజం చెప్పాలంటే నేను ఊగిపోయాను. వెంట్రుకవాసి పన్ను! విషం కలపడం, కత్తులు దూయడం, ఇళ్లు తగలెట్టడం, పుస్తకాల పగలన్నీ దీని ముందు చేతకాని పనుల్లా కనిపించాయి. పెట్టమ్మా పెట్టు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా పిన్ని అడిగింది.

"దాని మీద నీ గుర్తు చెక్కుతావా పిల్లా?"

వాళ్ల నాన్న నాటినుంచి ప్రతి సెట్టు లోపలి అంచునా ఒక చుక్కా ఒక గీతా చెక్కుతారు. ఇది మా చేతిపని అని. గుర్తు లేని సెట్టు ఆ కుటుంబం నుంచి బయటికి వెళ్లలేదు.

పిన్ని ఆగలేదు.

"చెక్కితే చెడ్డపని మీద మీ నాన్న గుర్తు. చెక్కకపోతే వాడికి తెలిసిపోతుంది. పైగా రేపు అది పట్టుబడితే ఏమంటాడు? చూశారా, పిచ్చిది అంటాడు. ఈసారి నిజమే అంటాడు."

పళ్లక్క లేచి, "రెండు నిద్రలు," అంది. వెళ్లిపోయింది.

మూడోరోజు పొద్దున మెట్ల కింద గదిలో పిన్నికీ నాకూ కొత్త నిర్ణయం చెప్పింది. నెమ్మదిగా, వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెప్పింది. విన్నాక పిన్ని సరేనంది. నేను సరేనని అనడం కాదు, బల్ల గుద్దాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, కాసేపు నవ్వు ఆపుకుని, "నిజం చదవమనడం ఏ జబ్బుకీ లక్షణం కాదు," అంది.

పళ్లక్క వదినకి కబురంపింది. సెట్టు పాత వర్క్‌షాపులోనే పెడతాను, నా పాత బల్ల దగ్గర. బైటు చూడ్డానికి ఆ రోజున్న ముగ్గురు డెంటిస్టులూ ఉండాలి, తాతా పిన్నీ ఉండాలి. మైకన్న సంతోషంగా ఒప్పుకున్నాడు. చెల్లెలు రాజీకి వస్తోందనుకున్నాడు. నలుగురి ముందు రాజీపడితే కొత్త హాలుకి శోభ అనుకున్నాడు కాబోలు.

మధ్యాహ్నం మూడు. నేనూ వెంట వెళ్లాను. బల్లని మళ్లీ కిటికీ దగ్గరికి జరిపించింది. మధ్యలో గాజు గిన్నె, గిన్నె నిండా నీళ్లు, నీళ్లలో రెండు నిద్రలు నిద్రపోయిన పళ్లు. అంత అందమైన పళ్లు నేనెన్నడూ చూడలేదు. ఒకటి కొంచెం పక్కకి ఒరిగి, అచ్చం దేవుడిచ్చినట్టున్నాయి.

మైకన్న ఈల సెట్టు తీసి జేబులో వేసుకుని, చెయ్యి చాపాడు. పళ్లక్క గిన్నెని తనవైపు లాక్కుంది. ఒక కాగితం అతని చేతిలో పెట్టింది.

"ముందు ఇది చదువన్నయ్యా. అందరికీ వినపడేలా."

అతను చూశాడు. కింద తన సంతకం చూశాడు. మొహంలో నెత్తురు ఇంకిపోవడం అంటారే, అది కళ్లారా చూశాను.

పళ్లు పెట్టుకున్నాక చదువుతానన్నాడు. అంటే, అలాంటిదేదో గాలి వచ్చింది.

"కాదు. ఇప్పుడే."

అతను తలుపువైపు చూశాడు. తలుపు తీసే ఉంది, పోతానంటే ఆపేవాళ్లెవరూ లేరు. కానీ నాలుగు రోజుల్లో హాలు తెరుస్తున్నారు, పళ్లు గిన్నెలో ఉన్నాయి.

చదవడం మొదలెట్టాడు. పెదాలు లోపలికి ముడుచుకుపోతున్నాయి, నాలుకకి ఆనుకోడానికి ఏమీ లేదు. లిథియం అన్నమాట ఉమ్ములో మునిగిపోయింది.

"ఏంటీ?" అన్నాడు డెంటిస్టుల్లో పెద్దాయన, ముందుకి వంగి.

మళ్లీ చదివాడు.

"ఏమంటున్నాడు? మాట తూలుతోందేంటి, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు రెండో డెంటిస్టు. మూడో ఆయన ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు గదిలో అంటుకుంది. పాలిష్ తాత కూడా కండువాలో మొహం దాచుకున్నాడు.

మైకన్న కాగితం బల్ల మీద కొట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కో ముక్కా కూడదీసుకుని, ముద్ద ముద్దగా అరిచాడు. పిన్ని అతని పెదాలు చూసి, ఉన్నదున్నట్టు అందరికీ పైకి చెప్పింది:

"నా మాట సరిగా రావట్లేదు గాని నా బుర్ర బాగానే ఉంది, అంటున్నాడు."

"ఆ రోజు నేనూ అదే అన్నానన్నయ్యా," అంది పళ్లక్క. "ఇక్కడే. ఈ బల్ల దగ్గరే."

నవ్వులు ఆగిపోయాయి. వదిన కాగితం అందుకుని, తనే గట్టిగా, స్పష్టంగా చివరిదాకా చదివింది. సంతకం దగ్గరికొచ్చి తలెత్తింది. భర్తవైపు చూసింది. ఆ చూపు ముందు మా వెంట్రుకవాసి పన్ను ఏపాటిది!

పెద్ద డెంటిస్టు బల్ల దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. డాక్టర్ని. నాకు తట్టాల్సింది," అన్నాడు. "ఇకమీద నా అచ్చులన్నీ నీకే పంపుతాను." మిగతా ఇద్దరూ తలూపారు. క్షమాపణలు అడిగితే పళ్లక్క వినలేదు. ఆమెకి కావలసింది అది కాదు. ఏ ఆరుగురి ముందు తన బుద్ధి పోయిందని చాటారో, ఆ ఆరుగురి ముందు అది తిరిగి రావాలి. వచ్చింది.

అప్పుడు నీళ్లలోంచి పళ్లు తీసి, తుడిచి, అన్నయ్య నోట్లో పెట్టింది. నీలం కాగితం కొరికించింది. మచ్చలన్నీ సమంగా పడ్డాయి. రూలు ప్రకారం పిన్ని కూడా చూసి తలూపింది. లోపలి అంచున చుక్కా గీతా ఉన్నాయి.

"మాట్లాడు."

మైకన్న నోరు కదిపాడు. ఈల లేదు, గాలి లేదు. అతని జీవితంలోకెల్లా స్పష్టమైన గొంతు. కానీ చెప్పడానికి ఏమీ దొరకలేదు. అంత మంచి పళ్లు పెట్టుకుని మూగవాడిలా నిలబడ్డ మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

పళ్లక్క నాన్న నాటి ఇత్తడి చట్రాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. బల్ల మర్నాడు బండిలో తెప్పించుకుంటానంది. వెళ్లబోతూ, జేబులోంచి చిన్న కార్డు తీసి అన్న చేతిలో పెట్టింది. తేదీలు రాసుంది, మూడు నెలలకోసారి.

"నీ ఎముక చదునైపోయింది. చూపించుకోకపోతే సెట్టు వదులైపోతుంది. నేను మూడు నెలలకోసారి రక్తం ఇస్తాను, నువ్వు మూడు నెలలకోసారి నోరు చూపించుకో. బతికినంతకాలం."

నేను ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాను. మొన్న మొదటి తేదీ వచ్చింది. మైకన్న మెట్ల కింద గదిలోకి వంగి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కుర్చీలో కూర్చున్నాడు. పళ్లక్క చేతులు కడుక్కుని, సీసాలో గీతదాకా నీళ్లు తాగి, ఇసుక సంచీ సర్దుకుంది. దీపం అతని మొహంలోకి తిప్పింది.

"నోరు తెరువన్నయ్యా," అంది.

తెరిచాడు.